నుదుటి మీద పెన్సిల్ బొట్టు

మా ఇంట్లో పెద్దమ్మ పెన్సిల్ బొమ్మ ఒకటుంది. చూసినవాళ్లంతా కళ్లు బాగా కుదిరాయంటారు. నా చూపు మాత్రం ముందు నుదుటి మీదికే పోతుంది. కనుబొమల మధ్య కాగితం మసకబారి, కాస్త నూగు లేచి ఉంటుంది.

పెద్దమ్మ రేపల్లెలో టీచరుగా చేసి రిటైరైంది. కథలు రాసేది. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఆమె కథల నిండా చర్చి పాటలు పాడుకుంటూ నాట్లు వేసే ఆడవాళ్లు, క్రిస్మస్‌కి అరిసెల పిండి కొట్టేవాళ్లు. పేరు మాత్రం మామూలు తెలుగు పేరే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో తెనాలిలో ఆమెకు సన్మానం చేశారు. అక్కడ సన్మానమంటే శాలువా, దండ, ఒక పెన్సిల్ బొమ్మ. ఆ బొమ్మలన్నీ ఒక డ్రాయింగ్ మాస్టారే వేసేవారు. భుజాన శాలువా, కళ్లజోడు, ఎటో దూరంగా చూపు. ఇంట్లో అందర్నీ కాల్చుకు తినే రచయితలు కూడా ఆయన చేతిలో ఋషులైపోయేవారు.

వేదిక మీద గుడ్డ తీశారు. పెద్దమ్మ ముఖమే, ఆమె నవ్వే. నుదుట మాత్రం గుండ్రంగా, శ్రద్ధగా దిద్దిన బొట్టు! ఆమె ఏనాడూ బొట్టు పెట్టుకుని ఎరగదు. చప్పట్లు మోగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. సభ అవగానే వెళ్లి మాస్టారిని అడిగేశాను.

"పాత ఫోటో కదమ్మా, చెరిగిపోయిందేమో అనుకుని నేనే పెట్టా," అన్నారాయన సంతోషంగా. "పెద్దావిడ నుదురు బోసిగా ఉంటే ఏం బాగుంటుంది?"

పెద్దమ్మ "చాలా బాగా వేశారండి" అని దణ్ణం పెట్టి నన్ను బయటికి లాక్కొచ్చింది.

రేపల్లె ప్యాసింజర్‌లో బొమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అట్టకు అంటించారంతే, ఇంకా అద్దం కట్టించలేదు. ఆ రైలు ఎడ్లబండితో పోటీపడేది. నేను మాస్టారిని తిడుతూనే ఉన్నాను. వేమూరు దాటాక పెద్దమ్మ నోరు విప్పింది.

"బొట్టు పెట్టాడని కాదే నా బాధ. నా కథ ఒక్కటన్నా చదివుంటే పెట్టేవాడు కాదు కదా."

శాలువా కప్పిన ఊళ్లోనే తనను ఎవరూ చదవలేదని తెలుసుకుని ఇంటికొస్తోంది.

"నీ దగ్గర రబ్బరుందా?" అంది.

అప్పుడు నేను బాపట్లలో చదువుతున్నాను, బ్యాగులో రబ్బరు ఎప్పుడూ ఉండేది. ఇచ్చాను. భట్టిప్రోలు వచ్చేదాకా రుద్దింది. నలుపు పోయి మచ్చ మిగిలింది.

"చాల్లే, ఇప్పుడు నేనే," అని బొమ్మను దూరంగా పట్టుకుని నవ్వుకుంది. ఆ నవ్వు, ఆ కిటికీ పక్క సీటు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

నాలుగైదేళ్లకు ఆమె పోయింది. బాపట్లలో సంతాప సభ పెట్టి, బొమ్మ కావాలని అడిగి తీసుకెళ్లారు. నేను వెళ్లేసరికి దండ వేసి, అద్దం మీద కుంకుమ పెట్టేశారు, సరిగ్గా ఆ మచ్చ ఉన్నచోటే. పోయినవాళ్ల పటానికి అలా పెట్టడం అలవాటే, పెట్టినావిడ తప్పేమీ లేదు. నా చెయ్యి మాత్రం ఆగలేదు. చీర చెంగుతో తుడిచేశాను.

"అయ్యో, ఆడమనిషి బొట్టు అలా చెరపకూడదమ్మా!" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మే ఎప్పుడో చెరిపేసుకుందండి," అన్నాను. "రైల్లో, నా రబ్బరుతో."