ట్రాక్టర్ ముక్కున్న కారు

నందిగామ బస్టాండు ముందు ఏ లారీ అయినా నూనె కాలిన పొగ వదులుతూ పోతే పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకుంటారు, నేను మాత్రం ఉన్నచోటే ఆగిపోతాను. బడికి టైమైపోతున్నా, చంకలో పరీక్ష పేపర్ల కట్ట జారిపోతున్నా, ఆ చేదు వాసన గొంతులోకి దిగేదాకా కాలు కదలదు. ఇష్టమై కాదు. ఆ వాసనలో మా నాన్న చొక్కా లేకుండా ఎండలో నిలబడి ఉంటాడు.

మా నాన్న దానియేలు వత్సవాయిలో ఒక ఆసామి దగ్గర ట్రాక్టర్ తోలేవాడు. నాకు ఐదేళ్ళప్పుడు పత్తి బస్తాల దగ్గర ఏదో మాటామాటా వచ్చి, ఆ ఆసామి పదిమందిలో చెప్పు చూపించాడట. నాన్న తాళంచెవి గట్టు మీద పెట్టి, "ఇంక నీ బండెక్కనయ్యా" అనేసి ఇంటికి నడిచొచ్చాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి అమ్మ చెవుల్లోవీ, నాయనమ్మ గేదే పోయి, జగ్గయ్యపేటలో మా రేకుల ఇంటి ముందుకి, కిరాయికి తిప్పుకోవడానికి ఒక పాత డీజిల్ అంబాసిడర్ వచ్చింది. అది నడిచినన్నాళ్ళే నాన్న తలెత్తుకు తిరుగుతాడని, ఆగిందంటే ఆ గట్టు మీది తాళంచెవి మళ్ళీ తీసుకోవాల్సిందేనని మా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు గానీ, ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు కారు మాట దగ్గరకొచ్చేసరికి అమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పేది.

మేం పెరిగిందంతా ఆ కారు చుట్టూనే. ఎండాకాలం దాని నీడలో కూర్చుని అచ్చనగాయలాడేవాళ్ళం, ముంజలు తిని ఆ జిగురు చేతుల్ని దాని తలుపులకే తుడిచి తన్నులు తినేవాళ్ళం, క్రిస్మస్‌కి దాని నెత్తిన రంగు కాగితాల నక్షత్రం కట్టి, అమ్మ వండిన అరిసెలు వెనకసీటు మీద గిన్నెల్లో సర్దుకుని, ఆ నెయ్యీ బెల్లం వాసన, డీజిల్ వాసన కలిసిపోయిన గాలి పీలుస్తూ చుట్టాలందరికీ పంచి వచ్చేవాళ్ళం. మాఘమాసం దాటితే రోడ్డు పక్కనంతా మిరపకాయలు ఎండేవి, దారిన పోయేవాళ్ళందరూ తుమ్ముతూనే పలకరించుకునేవాళ్ళు. పత్తి లోడు పోయిందంటే తుమ్మచెట్లకి దూది వేలాడేది. వీటన్నిటి మీదా సున్నపురాయి లారీలు లేపే తెల్లదుమ్ము, అన్నంలో, తల్లో, పాటల పుస్తకంలో కూడా.

ఆ దుమ్మే మా కొంప ముంచింది. ఏడేళ్ళు తిరిగేసరికి కారుకి లాగుడు పోయింది. వంతెన ఎక్కాలంటే నల్లగా పొగ కక్కుతూ మూలిగేది, ప్యాసింజర్లు దిగి తోసేవాళ్ళు. "ఏం దానియేలూ, మేం నీ కారెక్కామా, నీ కారు మమ్మల్నెక్కిందా?" అని నవ్వేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవాడు గానీ, ఇంటికొచ్చి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలా ఉండిపోయేవాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఇంజన్ పక్కనుండే నల్లటి గుండ్రటి డబ్బా ఊడదీశాడు. అడుగున నూనె, పైన ఇనుప పీచులాంటి జాలీ. "ఇంజనుక్కావాల్సిన గాలి దీంట్లోంచే పోద్ది బుజ్జమ్మా. నూనె మీదగా పోతంటే దుమ్ము నూనెలో పడిపోద్ది, బియ్యం కడిగితే ఇసక అడుక్కి దిగినట్టు," అని చూపించాడు. ఆ నూనె హల్వాలా గడ్డకట్టి ఉంది, నిండా దూదే. జాలీ నేనే కిరసనాయిల్లో కడిగాను. వారం తిరిగేసరికి మళ్ళీ అంతే.

అప్పుడు ఆయనకి తన ట్రాక్టర్ గుర్తొచ్చింది. ట్రాక్టర్ దుక్కిలో అంత దుమ్ము లేపుతూ కూడా ఎందుకు ఆగదంటే, దాని గాలి పీల్చే ముక్కు బానెట్ పైన, గొట్టం చివర గాజు గిన్నెలో ఉంటుంది. గాలి అక్కడే సుడి తిరిగి ముతక దుమ్మంతా గిన్నెలో వదిలేసి లోపలికి పోతుంది. నందిగామ పాత ఇనుము కొట్లో అలాంటి ముక్కొకటి సంపాదించి, కారు బానెట్‌కి చిల్లు పొడిచి, రబ్బరు గొట్టంతో డబ్బాకి కలిపాడు. మర్నాడు కారు వంతెన మీదికి ఒక్క ఊపులో ఎక్కేసింది. నాన్న హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

సంతోషం నాలుగు రోజులే. ఊరంతా "ట్రాక్టర్ కారు" అని పేరు పెట్టింది. ఆ వికారం ముక్కున్న కారుని పెళ్ళిళ్ళకి ఎవరూ పిలవలేదు. ఏడో తరగతిలో ఉన్న నన్ను బళ్ళో "ట్రాక్టర్ పిల్ల" అన్నారు. బడి సందు మొదట్లోనే కారు దిగిపోయేదాన్ని.

ఆ వేసవిలో మా క్లాసు సుహాసిని వాళ్ళక్క పెళ్ళికి ఇంకే కారూ దొరక్క మమ్మల్నే పిలిచారు. పెళ్ళికూతుర్ని వత్సవాయి నుంచి జగ్గయ్యపేట చర్చికి తీసుకురావాలి. ముందురోజు సాయంత్రం నాన్న దగ్గరకెళ్ళి, "రేపొక్కరోజు ఆ ముక్కు తీసెయ్ నాన్నా, మా ఫ్రెండ్సంతా ఉంటారు," అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. "సరేలే అమ్మా," అన్నాడు.

పొద్దున్నే ముక్కు ఊడదీసి, చిల్లు మీద రేకు బిగించి బంతిపూలు కట్టాడు. డబ్బాలో నూనె గీత దాకా పోసి, ఇంకా పోశాడు.

"గీత దాటిందిగా నాన్నా?"

"ముక్కు లేదుగా. ఇయ్యాల దుమ్మంతా ఇదే పట్టాల. కాస్త ఎక్కువుంటే మంచిదేలే."

అది మంచిది కాదు. పెళ్ళికూతురూ సుహాసినీ ఇంకో ఇద్దరు పిల్లలూ ఎక్కి నాలుగు మైళ్ళు వచ్చామో లేదో, గతుకుల్లో ఎగిరిన నూనెని ఇంజన్ గాలితో పాటు తాగేసి, దానంతటదే అరవడం మొదలుపెట్టింది. నాన్న గేరు తప్పించి కారు పక్కకి ఆపాడు, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు, ఇంజన్ ఆపే నాబ్ లాగాడు. అది తాగేది డీజిలైతేగా ఆగడానికి! తెల్లటి పొగలో తెల్లచీర పెళ్ళికూతురు ఏడుస్తూ దూకేసింది. "గాలి ఆపాలి, దాని గాలి ఆపాలి!" అని అరుస్తూ నాన్న బానెట్ లేపి, ఒంటి మీది ఇస్త్రీ చొక్కా గుండీలు తెంపుకుని తీసి, డబ్బా మూతికి కుక్కాడు. అది చొక్కాని కూడా లోపలికి లాక్కుంది. లోపలేదో ఫట్టున విరిగింది. ఇంజన్ ఆగిపోయింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ దారిన వచ్చిన ట్రాక్టర్ ఆ ఆసామిదే. ఆయన తొట్టిలోనే ఉన్నాడు. నాన్న దణ్ణం పెట్టి, "ముందు పెళ్ళిపిల్లనెక్కించండయ్యా, టైమైపోతంది," అన్నాడు. ఎక్కించారు. నా ఫ్రెండ్సూ ఎక్కారు. వాళ్ళ వెనకే నేనూ ఎక్కాను. నాన్న దగ్గర ఉండాలని తోచక కాదు, చొక్కా లేని ఆ మనిషి పక్కన నన్ను ఎవరూ చూడకూడదని ఎక్కాను.

ఆ ఇంజన్ మళ్ళీ లేవలేదు. తొలకరికి నాన్న వత్సవాయి వెళ్ళి తాళంచెవి అడిగి తీసుకున్నాడు. ఎవరడిగినా "నూనె ఎక్కువ పోశా, నా బుద్ధి గడ్డి తింది," అనేవాడు. ముక్కు తీసెయ్యమన్నది ఎవరో అమ్మకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో అంబాసిడర్ల స్టాండు లేదు, బానెట్ లేపి పిల్లలకి ఇంజన్ చూపించే తండ్రులూ కనపడరు. కార్లు చెడితే ఫోన్ చేస్తాం, ఎవరో వచ్చి తీసుకుపోతారు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పదో తరగతి అయ్యేదాకా ఆయన పత్తి లోడుతో మా బడి ముందు నుంచే పోయేవాడు. గేటు దగ్గర స్నేహితులతో నేను కనపడితే, నాకు తలవంపులు కాకూడదని, ముఖం అవతలికి తిప్పుకుని పోయేవాడు. నేను చూస్తూ నిలబడేదాన్ని. ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా "నాన్నా" అని పిలవలేదు.