ఉధ్నాలో రెండోసారి అడిగిన ప్రశ్న

సూరత్ దగ్గర ఉధ్నా స్టేషన్లో నా పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ, ఆమె భర్త కూర్చుని ఉన్నారు. వరంగల్ బండి ఈ ప్లాట్‌ఫారం మీదికే వస్తుందా అని ఆవిడ అడిగింది. బోర్డు చూసి వస్తుందని చెప్పాను. నా ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది. మనిషిలా జవాబులు చెప్పే ఏఐని ఎలా పరీక్షించాలో సాఫ్ట్‌వేర్ టెస్టర్లకు నేర్పడం నా ఉద్యోగం. ఆ పాఠమే రాసుకుంటున్నాను.

కాసేపటికి ఆవిడ మళ్లీ అదే అడిగింది.

"ఇందాకే చెప్పాను కదమ్మా," అన్నాను విసుగ్గా.

"చెప్పినవ్ బిడ్డా, కాదంటలే. ఇప్పుడెట్లున్నదో జర సూడు. బట్ట నేసే సాంచెల కాడ నిలవడి నిలవడి ఈయన మోకాళ్లు పోయినయ్. బండి అవతలికి మారితే గా మెట్లెక్కుడు మాకు శానా సేపు పడ్తది."

తలెత్తి చూశాను. బోర్డు మీద ప్లాట్‌ఫారం నంబరు మారిపోయింది.

వాళ్ల సంచి నేను అందుకున్నాను. ఆయన రెయిలింగ్ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. బండి అందింది.

తిరిగొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. అడిగిన ప్రశ్నకే ఏఐ ఇంకోసారి ఇంకో జవాబు చెప్పగలదని నాకు తెలుసు. అయినా నా పాఠంలో ప్రతి ప్రశ్నా ఒక్కసారే ఉంది. సరైన జవాబు రాగానే పాస్ అని రాసేశాను. కూర్చుని అంతా మార్చాను.

ఇప్పుడు క్లాసులో ఏఐని అదే ప్రశ్న మళ్లీ అడగమంటే, ఎవరో ఒకరు "ఇందాకే సరిగ్గా చెప్పింది కద సార్" అంటారు. నాకు ఉధ్నాలో ఆ పెద్దాయన మోకాళ్లు గుర్తొస్తాయి.

"మళ్లీ అడుగు," అంటాను.