చెట్టు మీద లేని మచ్చలు

మా చేపల చెరువు గట్టు మీద బొప్పాయి మొక్కలు వేయాలన్నది నా ఆలోచనే. గణపవరం దగ్గర మాకున్న వరిచేను చెరువైపోయాక, ఏదైనా నాటుకోవడానికి నాకు మిగిలింది ఆ గట్టొక్కటే. మొక్కలు నేననుకున్నదానికంటే బాగా పెరిగాయి. ఏడాది తిరక్కుండానే కాయలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ దిగాయి. అన్నీ నున్నటి ఆకుపచ్చ కాయలు. ఒక్కదాని మీదా చిన్న మరక లేదు.

ఏలూరులో మాకు తెలిసిన పళ్ల కొట్టు ఒకటుంది. దాన్ని చూసుకునేది ఒక ముస్లిం ఆవిడ. నాకన్నా పదేళ్లు పెద్ద కనుక అక్కా అని పిలుస్తాను. నా కాయలు చూసి రంజాన్ నెలకు తనకే కావాలంది.

"సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు మా వీధిలో అందరికీ బొప్పాయి ఉండాలమ్మా. రెండు మూడు రోజుల్లో పండేవి తెండి చాలు."

పసుపు చార కనబడిన కాయలే ఏరి, తొడిమ దగ్గర కారిన పాలు గుడ్డతో తుడిచి, వరిగడ్డి పరిచి సర్దాను. మా ఆయన చేపల ట్రేలు ఇస్తానన్నారు. నీచు వాసన అంటుకుంటుందని వద్దని, కొత్త ట్రేలు తెప్పించాను.

మూడో రోజున అక్క ఫోన్ చేసింది. "ఒకసారి రాగలరా అమ్మా?"

వెళ్లాను. పళ్లన్నీ బంగారు రంగు తిరిగాయి. కానీ ప్రతి పండు మీదా గుండ్రటి నల్లమచ్చలు, వేలితో నొక్కినట్టు లోపలికి దిగి ఉన్నాయి.

"నేను తెచ్చినప్పుడు ఒక్క మచ్చ కూడా లేదక్కా," అన్నాను. గొంతు నాకే గట్టిగా వినబడింది.

"నాకు తెలీదా అండీ? దగ్గరుండి దింపుకున్నది నేనే కదా. కొనేవాళ్లకి ఏం చెప్పను, అదీ నా బాధ."

ఒకాయన అప్పటికే పండు వెనక్కి తెచ్చి, నలుగురి ముందూ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడట. అది చెబుతున్నప్పుడు ఆవిడ నా వంక చూడలేదు. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేదనిపించింది.

తర్వాతి వారం చార రాకముందే కోశాను. అవి పండలేదు, వడిలాయి. కోస్తే పాలిపోయిన కండ, నమిలితే పచ్చి గుమ్మడి ముక్క. ఆ పైవారం సగం రంగు వచ్చేదాకా చెట్టు మీదే ఉంచాను. గట్టు దారి గుంటల్లో ఆటో ఎగిరి ఎగిరి, ఏలూరు చేరేసరికి పళ్ల పక్కలు సొట్టలు పోయాయి. చేపలకి చేసినట్టే చేద్దామని మా ఆయన రెండు కాయలు ఐసు పెట్టెలో పెట్టారు. బయటికి తీశాక వాటి తొక్క మీద గుంటలు పడ్డాయి గానీ కాయలు మాత్రం పండలేదు.

ఇక లాభం లేదని తాడేపల్లిగూడెం వెళ్లి ఒక ఉద్యాన అధికారిణిని కలిశాను. ఆవిడ మచ్చపండు తిప్పి చూసి, "ఇది కొట్లో పట్టిన తెగులు కాదండీ," అంది. "కాయ పచ్చిగా ఉన్నప్పుడే, మంచుకి తడిసినప్పుడు తొక్కలోకి దిగుతుంది. పండి మెత్తబడేదాకా బయటపడదు. చుట్టూ చెరువులాయె, మీకు తడి ఎప్పుడు ఆరుతుంది?"

అంటే పొద్దున్నే వెళ్లి నేను మురిసిపోయి చూసుకున్న కాయల్లోనే అది ఉందన్నమాట! పాపం, అక్క కొట్లో గాలి ఆడదని మనసులో ఎన్నిసార్లు తప్పుపట్టానో.

ఎండాకులూ రాలిన కాయలూ తోటలో ఉంచవద్దంది అధికారిణి. కోసిన కాయల్ని యాభై డిగ్రీలకి కాస్త తక్కువ వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ముంచమంది. ఇంట్లో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరు. నీళ్లలో పెడితే అంకెకి బదులు అక్షరమేదో చూపించి ఊరుకుంది. చేత్తోనే అంచనా వేసి ముంచాను. తొక్క కమిలిపోయింది. పండాక కూడా లోపల గట్టి గడ్డలు మిగిలాయి. అన్నీ పశువులకే పెట్టాను.

రెండోసారి మా ఆయన చెరువు నీళ్లు చూసే థర్మామీటరు తెచ్చిచ్చారు. పొయ్యి ముందు కూర్చుని, వేడి పెరిగితే చన్నీళ్లు పోస్తూ, తగ్గితే పుల్ల ఎగదోస్తూ పది కాయలు తీసేసరికి నడుం పడిపోయింది. అప్పటికి రంజాన్ నెల చివరి వారం.

"పదింట్లో ఏడు శుభ్రంగా ఉన్నాయమ్మా," అంది అక్క సంబరంగా. మిగతా మూడూ ఆవిడే కోసింది. మచ్చ మేర చెక్కేస్తే కింద కండ ఎర్రగా, తేనెలా ఉంది. పళ్లెంలో ముక్కలు పెడితే, అంతకుముందు మచ్చ చూసి మొహం తిప్పుకున్న ఒకావిడే రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

"మచ్చలవైనా తెండి, ముక్కలు కోసి అమ్ముతాను," అంది అక్క.

సరేనన్నాను. ఆవిడ మంచితనానికి దండం పెట్టాలి. అయినా నాకు కడుపు మండిపోయింది. అదే పండు, అదే తీపి. తొక్కతో ఉంటే ఎవరికీ అక్కర్లేదు! ఇప్పుడు నా కాయలు ఎక్కువగా అలా ముక్కలుగానే పోతున్నాయి.

మొన్న పొద్దున గట్టు మీద ఎండాకులు విరుస్తున్నాను. చేతులకి పాలు అంటుకుని దురద పెడుతోంది. చెరువులో పడవ మీద మేత వేస్తున్న మా ఆయన అరిచారు. "ఇంకా ఎందుకే ఆ తిప్పలు? ముక్కలు పోతున్నాయిగా?"

"మీ చేపల్ని ముక్కలుగా పెంచుతున్నారా ఏవిటండీ?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెయ్యి చీరకి తుడుచుకుని పక్క చెట్టు దగ్గరికి నడిచాను.