నాన్న మైలేజీ, నాయనమ్మ విసుర్రాయి

పెట్రోలు వాసనంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. మల్లెపూల వాసనో, తొలకరికి తడిసిన మట్టి వాసనో అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, నా చిన్నతనం బంకు దగ్గరే మొదలవుతుంది, ఏం చెయ్యను. మొన్న మిర్యాలగూడలో బంధువుల పెళ్లికి బయలుదేరి, సూర్యాపేట దాటకముందే పెట్రోలుకు ఆగాం. అమ్మ ముందురోజే వెళ్లిపోయింది కాబట్టి కారులో నేనూ నాన్నే. ట్యాంకు మూత తియ్యగానే కిటికీలోంచి ఆ వాసన గుప్పుమంది. కంటి ఆపరేషను తర్వాత నాన్న బండి నడపడం మానేశాడు. పక్క సీట్లో చేతికర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని, టైర్లలో గాలి చూపించావా అని అడిగాడు. నిన్న సాయంత్రమే చూపించానన్నాను. సాయంత్రం కాదు, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి అన్నాడు. ఆ మాటతో నేను మళ్లీ పదేళ్ల పిల్లనైపోయాను.

నాన్న అప్పట్లో మునగాల దగ్గర ఒక బడిలో సైన్సు టీచరు. మా ఇల్లు సూర్యాపేటలో చర్చి వెనక సందులో. తాత ఒకరింట్లో పాలేరుగా జీతం ఉండేవాడు, నాయనమ్మ నాట్లకూ కలుపులకూ పోయేది. ఆ ఇంట్లో మొదట చదువుకున్నది నాన్న, మొదట కారు కొన్నదీ నాన్నే. కారంటే పెద్దదేం కాదు, అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టుండే తెల్ల కారు, కోదాడలో ఒక డాక్టరుగారు వాడి వాడి వదిలేసింది. అది సందులోకి వచ్చిన రోజు నాయనమ్మ బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దిగాలని ప్రార్థన చేసింది. నాన్న ఆమెన్ అనబోయి ఆగి, మైలేజీ కూడా బాగా రావాలని అడగమ్మా అన్నాడట. అదేమిటో ఆమెకు తెలియదు. దేవుడిచ్చేదైతే ఇస్తాడులే అందట.

బర్రెను కొనడం కష్టం కాదు, మేపడమే కష్టం అనేది నాన్న వేదాంతం. ఆ బర్రె ఎంత తక్కువ మేసి ఎంత దూరం నడుస్తుందో చూడటమే ఆయన ఆదివారాల వినోదం. యాక్సిలరేటరు మీద కాలు, కింద కోడిపిల్ల ఉన్నట్టు ఆనించాలి. బ్రేకు తొక్కడమంటే కాల్చిన పెట్రోలును రోడ్డు మీద పారబోసుకోవడమే కాబట్టి, గొర్లమంద అల్లంత దూరాన కనబడగానే కాలు తీసేసి, మంద రోడ్డు దాటే వేళకు మనం మెల్లగా జారుకుంటూ అక్కడికి చేరాలి. సాగర్ కాలువ వంతెన ఎక్కి దిగేటప్పుడు ఇంజను బందు. ఆ నిశ్శబ్దంలో గాలి చప్పుడూ, టైర్ల కింద కంకర చప్పుడూ వింటూ, బండి ఎక్కడిదాకా పోయి ఆగుతుందోనని అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. అంతకు మించిన ఆట నేను ఏ జాతరలోనూ ఆడలేదు. అది ప్రాణాల మీదికి వచ్చే ఆట అని, ఇంజను ఆగితే బ్రేకు మొరాయిస్తుందని ఎంతో కాలానికి గానీ మాకు తెలియలేదు. కారులో ఏసీ ఉండేది. ఉందని మాకు తెలుసు, అంతే. వేగం పెరిగితే కిటికీ అద్దాలు ఎత్తాలి, లేకపోతే గాలి బండిని వెనక్కి లాగుతుంది. అందుకని మేం ఇడ్లీ పాత్రలో ఇడ్లీల్లా ఉడుకుతూ కోదాడ పోయేవాళ్లం. పైన సామాను కట్టే చట్రం విప్పేసి అటక మీద పడేశాడు. నీళ్ల సీసా దండగ బరువు, ఇంట్లోనే తాగి ఎక్కండి అనేవాడు. కడుపులో నీళ్లకు బరువుండదా నాన్నా అని నేనడిగితే, ఆ రోజు సైన్సు టీచరు గారు మునగాల దాకా మాట్లాడలేదు.

ఆ రోడ్డును తలచుకుంటే నాకు ఋతువులన్నీ వరసగా గుర్తొస్తాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, ఆడవాళ్లు కాళ్లతో ఆ వడ్లను దున్నుతూ అటూ ఇటూ నడిచేవాళ్లు. మిగిలిన సగంలో లారీలూ, మేమూ. మునగాల ధాబాల ముందు తందూరు పొగ, పొగలో ఉల్లిగడ్డ వాసన, ఆపమని అడిగే ధైర్యం లేక మేం మింగే లాలాజలం. కోదాడలో అమ్మమ్మ ఇంట్లో అందరూ ‘రండి, కూర్చోండి’ అని మెత్తగా, కోస్తా వైపు ఒరిగిన తెలుగు మాట్లాడేవాళ్లు. నేను ‘గిట్ల’ అంటే నవ్వేవాళ్లు. క్రిస్మస్ ముందు అక్కడ అరిసెల పాకం కాగుతుంటే సందు మొదట్లోకే బెల్లం వాసన వచ్చేది. ఇక మిర్యాలగూడ వస్తుందంటే అద్దాలు ఎత్తి ఉన్నా తెలిసిపోయేది: మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన, తవుడు వాసన, గాలిలో తేలే ఊక దుమ్ము. ఆ వాసన తగలగానే వెనక సీట్లో నాయనమ్మ కొంగు సర్దుకునేది. అది దాటితే వేములపల్లి, వేములపల్లిలో ఆమె చెల్లెలు.

చిన్న నాయనమ్మంటే నాయనమ్మకు చెల్లెలు మాత్రమే కాదు, కూతురి కింద లెక్క. వాళ్ల అమ్మ పోయేనాటికి చిన్న నాయనమ్మ ఇంకా గౌనులో ఉందట. అక్కే పెంచింది, అక్కే పెళ్లి చేసింది. తల్లి నుంచి వాళ్లకు మిగిలిన ఆస్తి ఒక విసుర్రాయి. రెండు రాళ్లు, మధ్యలో ఒక కొయ్య పిడి. అక్క ఈ వైపు, చెల్లె ఆ వైపు కూర్చుని ఒకే పిడి మీద రెండు చేతులూ వేసి, జొన్నలు విసిరి, గట్క వండుకుని తిని పెరిగారు. ఆ రాయి నాయనమ్మ దగ్గరే ఉండిపోయింది. చిన్న నాయనమ్మకు కళ్లు మసకబారుతున్నాయి, దవాఖానలో ఇక లాభం లేదన్నారు, బస్సెక్కి రాలేదు. చివరిసారి వెళ్లినప్పుడు ఆమె అక్క చెయ్యి పట్టుకుని, చూపు పూర్తిగా పోకముందే అమ్మ రాయి ఒక్కసారి చూడాలని ఉందని, నీతో కూర్చుని ఒక్కసారి విసరాలని ఉందని అడిగింది. నాయనమ్మ తెస్తానని మాట ఇచ్చింది.

మాట అయితే ఇచ్చింది గానీ, నీళ్ల సీసానే వద్దనే కొడుకును రాయి మోయమని ఎలా అడగడం? అసలు చెల్లెలింటికి ఒట్టి చేతులతో పోవడమంటేనే ఆమెకు తలకొట్టేసినట్టుండేది. ఏదో ఒకటి పట్టుకుపోవాలి, వాళ్లేదో ఒకటి సంచిలో పెట్టి పంపాలి, అది ఆమె పెరిగిన పద్ధతి. నాన్న నియమాలు మొదలయ్యాక గుమ్మడికాయ మానేసింది, బియ్యం సంచి మానేసింది, ఆఖరికి పచ్చడి జాడీ ఒళ్లో పెట్టుకుని, నా ఒళ్లో ఉంటే బండికి బరువేముంది అని వాదించేది. రాయి అలా కుదరదు కదా. అందుకని ఒక మధ్యాహ్నం నాన్న బడికి పోయినప్పుడు, పాత చీరలో చుట్టి, ఒక్కో రాయీ అమ్మ ఒకవైపు తాను ఒకవైపు పట్టుకుని డిక్కీలో గోనెసంచుల కింద దాచేసింది. వేళ్లు నలుగుతాయి అత్తయ్యా, మెల్లగా అంటూ అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను చూశానని తెలిసి నాయనమ్మ నాకు కనుసైగ చేసింది. వచ్చే మిర్యాలగూడ ప్రయాణం దాకా ఉంటే చాలు.

ఆ ప్రయాణమే రాలేదు. రాయెక్కిన దగ్గర్నుంచీ మైలేజీ పడిపోయింది. నాన్నకు అన్నం సహించలేదు. ప్లగ్గులు విప్పి గీకాడు, ఎయిర్ ఫిల్టరు దులిపాడు, కార్బొరేటరు స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రాయి తాగిన దానికంటే ఆ తిప్పుడు తాగిందే ఎక్కువని ఇప్పుడు నా అనుమానం. జబ్బు చేసిన బండితో దూరం పోకూడదు, రోగం తెలిశాకే వేములపల్లి అన్నాడు. రాయి ఉన్నందుకు మైలేజీ రాదు, మైలేజీ రానందుకు వేములపల్లి పోము, వేములపల్లి పోనందుకు రాయి దిగదు. చెప్పేద్దాం అత్తయ్యా అని అమ్మ అంటే, తెలిస్తే దించేస్తాడని నాయనమ్మ భయం. ఆదివారం చర్చి నుంచి రాగానే నాన్న బానెట్ ఎత్తి తల లోపల పెట్టేవాడు. నాయనమ్మ గడప మీద కూర్చుని పెదాలు కదుపుతూ ప్రార్థించేది. ఈసారి ఆమె మైలేజీని పేరు పెట్టి మరీ అడిగింది. ఈలోగా వేములపల్లి నుంచి వచ్చినవాళ్లు, చిన్న నాయనమ్మకు ఇప్పుడు మనుషులు నీడల్లా కనబడుతున్నారని చెప్పిపోయారు. ఆ రోజు నాయనమ్మ గట్క ముట్టలేదు.

కోదాడ అంత దూరం కాదు కాబట్టి ఒకసారి నాయనమ్మతో సహా అక్కడికి మాత్రం పోయాం. తిరిగి వస్తుంటే మునగాల ధాబాల దగ్గర టైరు పంక్చరైంది. మధ్యాహ్నం ఎండ. స్టెప్నీ కోసం నాన్న డిక్కీ తెరిచి, గోనెసంచులు లాగి, చీర మూట మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. మూట విప్పాడు. రాళ్ల వైపు చూశాడు, కిందికి కుంగిన బండి వెనక వైపు చూశాడు, తర్వాత తల్లి వైపు చూశాడు. పక్క నుంచి లారీలు పోతున్నాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెల్లె ఒక్కపారి ఇసురుతనన్నది కొడుకా," అంది నాయనమ్మ, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని. "బరువుంటె బండి బాగ తాగుతదంటివి. నీకెట్ల జెప్పాలె?" మళ్లీ బేరం కుదుర్చుతున్నట్టు మెల్లగా అంది. "మోయదనుకుంటె నేను బస్సుల వస్త. రాయిని తీస్కపో."

నాన్న జాకీ బయటికి తీశాడు. టైరు మార్చాడు. చేతులు కడుక్కున్నాడు, మొహం కూడా కడుక్కున్నాడు, అంతసేపు ఎవరూ మొహం కడుక్కోరు. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చిందో జాలి వేసిందో చెప్పలేను గానీ, ఏడుపు మాత్రం వచ్చింది. మూటను తానే మళ్లీ చుట్టి, పిల్లను పడుకోబెట్టినట్టు డిక్కీలో సర్ది, "ఎక్కమ్మా" అన్నాడు. బండి సూర్యాపేట వైపు పోలేదు. వెనక్కి తిరిగింది, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ మీదుగా. ఆ రోజు అద్దాలన్నీ దించి ఉన్నాయి. వంతెన దిగుతుంటే ఇంజను ఆపడం మరిచిపోయాడు. మిర్యాలగూడలో అడగకముందే ఆపి, తట్టెడు బత్తాయిలు కొని, ఒక గుమ్మడికాయ కూడా తెచ్చి నాయనమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. గింత దేనికిరా అని ఆమె గునిసింది గానీ, ఒక కాలు ఆ గుమ్మడికాయ మీద ఆనించుకుని రాణిలా కూర్చుంది.

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో రాళ్లు దించాక, చిన్న నాయనమ్మ నేల మీద కూర్చుని రాయి అంచు చుట్టూ అరచేత్తో తడిమింది. ఒకచోట ఆగి, పెచ్చు లేచిన గుంటలో వేలు పెట్టి, ఇది నా మీద కోపంతో నువ్వు ఎత్తి పడేసిన రోజుది కదా అని అడిగింది. అక్క అవునంది. జొన్నలు పోశారు. ఒకే పిడి మీద ముడతల చేతులు రెండు, కింద ఒకటి, పైన ఒకటి. రాయి తిరగడం మొదలుపెట్టింది, గరగరమని, కాసేపటికి ఇద్దరూ ఏదో పాట ఎత్తుకున్నారు, మధ్యలో మాటలు మరిచిపోయి నవ్వారు. నాన్న గోడకు ఆనుకుని నిలబడి అంతా చూశాడు. ఆ రాత్రి తిన్న గట్క, మజ్జిగ, నంజుకున్న ఉల్లిగడ్డ రుచి మళ్లీ నాకు ఎక్కడా తగల్లేదు.

బయలుదేరేటప్పుడు నాయనమ్మ, రాయి నీ దగ్గరే ఉంచుకో అంది. చిన్న నాయనమ్మ ఒప్పుకోలేదు.

"గీడ పెట్టిపోతె మల్ల నువ్వెందుకొస్తవక్కా? తీస్కపో. మల్ల తీస్కరా."

అలా ఆ రాయి డిక్కీలో స్థిరపడింది. ఇంటికొచ్చాక ఎవరూ దించలేదు, దించమని నాన్న అనలేదు. కోడిపిల్ల నియమం అలాగే ఉంది, అద్దాల నియమం ఉంది, టైర్ల గాలి నియమం ఉంది. కానీ మైలేజీ ఎంతొచ్చిందన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. నెలకోసారి వేములపల్లి. చిన్న నాయనమ్మకు చూపు పూర్తిగా పోయాక కూడా కారు చప్పుడు విని వాకిట్లోకి వచ్చి, ముందు డిక్కీ మీద చెయ్యి వేసి, తర్వాత అక్క మీద వేసేది. ఆమె పోయాక కూడా రాయి దిగలేదు. నాయనమ్మ పోయిన తర్వాత ఒక పొద్దున నాన్న ఒక్కడే ఒక్కో రాయిని దించి, పెరట్లో నల్లా పక్కన పెట్టాడు. బండి వెనక వైపు కొద్దిగా పైకి లేచింది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ ఏడాదే కారు అమ్మేశాడు.

ఇప్పుడా రోడ్డు నున్నగా, వెడల్పుగా ఉంది. వడ్లు ఆరబోసేవాళ్లు లేరు, గొర్లమందకు దాటే సందు లేదు, ధాబాలు అద్దాల గదులయ్యాయి. మిర్యాలగూడ వస్తున్నా ఏసీలో ఏ వాసనా తెలియదు. విసుర్రాయి మీద అమ్మ పుదీనా కుండీ పెట్టింది. నా కారులో మైలేజీ ఎంతో ఎదురుగా తెర మీదే కనిపిస్తుంది. మొన్న వంతెన దిగాక నాన్న కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగి ఆ అంకె చదివాడు. ఆయన జన్మలో చూడని మైలేజీ అది. సంతోషిస్తాడనుకున్నాను.

"డిక్కీల ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు.

ఏం లేదు నాన్నా అన్నాను.

"గందుకే," అని కిటికీ వైపు తిరిగాడు.