అక్క చెవిన వేసిన మాట

నన్ను యేసు దగ్గరికి తోల్కపోయింది అక్క. సొంత అక్క కాదు. మహబూబాబాద్ నుంచి వచ్చి భూపాలపల్లిల మా పక్క వాటాల కిరాయికుండేది. మా ఆయన బొగ్గు లారీ నడుపుతడు, పొద్దున పోతే వచ్చేది మాపటికే. మాది జఫర్‌గఢ్ దగ్గరి పల్లె. మా ఇంట్ల అంతకుముందు చర్చి మెట్టు ఎక్కినోళ్లు లేరు. నేను జరమొచ్చి పడుకుంటే వారం రోజులు ఆమెనే జావ కాసి పోసింది, నా బిడ్డకు తానం పోసి బువ్వ పెట్టింది. గిసొంటి మనిషి కొలిసే దేవుడు మంచోడే అయ్యుంటడని ఆమె వెంట పోయిన.

బిడ్డ ఇంకా పాలు మరువకముందే మళ్ల కడుపయింది. అప్పుడే మా ఆయనకు లారీ పని బందయింది. నాకు వద్దనిపించింది. ఎవ్వరికీ చెప్పకుండ మందుల దుకాణంల కడుపు పోయే గోలీలు తెచ్చి బియ్యం డబ్బల దాచిన. మూడు రోజులు చూసి, మింగ మనసొప్పక మోరిల పారేసిన. ఆ తర్వాత ఆ కడుపు మీదనే పాణం పెట్టుకున్న. లోపల కదిలినప్పుడల్ల చెయ్యి ఏసి మాట్లాడేదాన్ని.

కాన్పుకు తల్లిగారింటికి పోయిన. ఎనిమిదో నెలల ఓ పొద్దున కదులుడు ఆగింది. జనగామ దవాఖానకు తీస్కపోయిండ్రు. మగపిలగాడు. ఏడ్వలే. నేను మత్తుల ఉండంగనే తీస్కపోయి బొంద పెట్టిండ్రు. నేను ముఖం గూడ చూడలే.

భూపాలపల్లికి తిరిగొచ్చినంక నాకు ప్రార్థన రాలే. మోకాళ్లు వంచితే నోరు పెగలకపోయేది. అక్క రోజూ వచ్చి పక్కన కూసునేది. ఓ మధ్యాహ్నం గోలీల సంగతి ఆమెకు చెప్పిన. మా ఆయనకు గూడ చెప్పని మాట అది.

“అందుకే దేవుడు నన్ను శిక్షించిండా అక్కా?” అని అడిగిన.

ఆమె నన్ను దగ్గరికి తీస్కొని ఏడ్చింది. “గిది నీకు, నాకు, దేవునికి తప్ప ఎవ్వరికీ తెల్వదు చెల్లే” అన్నది.

శుక్రవారం స్త్రీల కూడిక. వాక్యం చెప్పే వంతు ఆ వారం అక్కది. నేను బిడ్డను ఒళ్లె పెట్టుకొని నాలుగో వరుసల కూసున్న. “మన నడుమనే ఒక చెల్లె ఉన్నది,” అన్నది అక్క. “దేవుడిచ్చిన బిడ్డను వద్దనుకొని మందులు తెచ్చుకున్నది. దేవుడు చూసిండు. తీసుకున్నడు.” పేరు చెప్పలే. చెప్పే పనేముంది? అక్కడ బిడ్డను పోగొట్టుకొని వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ముంగట కూసున్న ఇద్దరు వెనకకు మర్రి చూసిండ్రు. నా పక్కనామె జర అవతలికి జరిగింది. ఆమె జరిగిన ఆ జానెడు జాగ ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది.

బయటికొచ్చినంక అడిగిన, “ఎందుకు చెప్పినవక్కా?”

“నీ పేరు పెట్టలేగా. నలుగురికి బుద్ధొస్తదని చెప్పిన.”

“నన్ను పట్టుకొని ఏడ్చినవు గద.”

“ఏడ్చుడూ నిజమే, చెప్పిందీ నిజమే,” అన్నది అక్క. ఆమె ముఖంల తప్పు చేసిన జాడ లేదు.

మూడో రోజుకు ఆ మాట మా ఆయన చెవిన పడ్డది. తిట్టలే, కొట్టలే. వారం రోజులు మాట్లాడలే. నాకు అక్క మీద కంటె దేవుని మీదనే ఎక్కువ కోపమొచ్చింది. ఆమె పోసిన జావ తాగినంకనే ఆ దేవుణ్ణి నమ్మిన. ఇద్దరు కలిసి నన్ను బజార్ల నిలబెట్టిండ్రు అనిపించింది. బైబిల్‌ను బట్టల అడుగున పెట్టిన.

అదే నెలల నన్ను కన్న మా అవ్వ నన్ను చూడనీకి వచ్చింది. నేను చర్చికి పోవుడు అవ్వకు ఇష్టం లేదు. చిక్కుడుకాయలు ఒలుసుకుంట ఆమెకు అంతా చెప్పిన. దెప్పిపొడుస్తదనుకున్న.

అవ్వ చెయ్యి ఆపలే. “నువ్వు కడుపుల పడ్డప్పుడు నేను గూడ వద్దనుకున్న. బొప్పాయి తిన్న, బరువులు మోసిన. మరి నువ్వు సచ్చినవా?”

నేను కాయలు ఒలుసుడు ఆపి ఆమె దిక్కు చూసిన.

అవ్వనే మళ్ల అన్నది, “ఆ పిలగానికి నేనే తానం పోసిన బిడ్డా. ఉత్తగ మట్టిల పెట్ట మనసొప్పలే. నీ మెత్తటి చీర చింపి చుట్టిన. ముక్కు అచ్చం నీదే. మీ బాపు చెలక గట్టున గుంత తవ్వుకుంట ఏడ్చిండు.” కాయలు పక్కకు నూకింది. “మాకే పాణం గంత కొట్టుకుంటే, మీ దేవుడు పగ పట్టి తీసుకుంటడా? గంత చిన్న మనసోడైతే ఎందుకు మొక్కుతున్నవే?”

దానికి జవాబు వెతుక్కుందామనే బైబిల్ మళ్ల తీసిన. దోస్తు సమాధి కాడ యేసు ఏడ్చిన సంగతి ఎన్నోసార్లు విన్నదే. సచ్చినోణ్ణి తనే బతికిచ్చి లేపుతనని తెలిసి గూడ ముందు ఏడ్చిండు. ఎవరి తప్పుకు సచ్చిండని అక్కడ ఎవ్వరినీ నిలదీయలే. ఇంకో సంగతి, ఒక్క పళ్లెంల చెయ్యి పెట్టి తిన్నోడే ఆయన్ను శత్రువులకు పట్టిచ్చిండు. నమ్మినోళ్లు ద్రోహం చేస్తే ఎట్లుంటదో ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆనాడు తలుపు దగ్గరికేసి, నా కొడుకు ముక్కు గురించి ఆయనతోని చెప్పుకుంట గట్టిగ ఏడ్చిన. వినెటోడు ఉన్నడనిపించింది.

కొన్నాళ్లకు మా ఆయన, “నాకు ముందే చెప్తే కోపానికొద్దునా?” అన్నడు. “ఏమో, భయమైంది” అన్న. ఇప్పుడు నేను వేరే చర్చికి పోతున్న, మా ఆయన గూడ నా వెంట వస్తుండు. నేను తలుపు కాడ కూసుంట. నలుగురి ముంగట సాక్ష్యం చెప్పమంటే లేవను.

అక్క ఇంకా పక్క వాటాలనే ఉన్నది. నల్లా కాడ కలిస్తే “వందనాలు చెల్లే” అంటది. నేను గూడ “వందనాలు” అంట. క్షమించాలెనని నాకు తెలుసు. నాతోని అయితలేదు. అయితలేదని గూడ ఆ యేసుకే చెప్పుకుంటున్న.