భుజాల మీదుగా ఒక చూపు

ఘానా నుంచి వచ్చి హైదరాబాద్ క్లబ్బుకు ఆడే ఆ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ షాద్‌నగర్‌లో మా పక్కింట్లో కిరాయికి ఉండేవారు. బంతి అందకముందే రెండు భుజాల మీదుగా వెనక్కి చూసేవారు. తనవాళ్లు ఎక్కడున్నారో తెలియాలి కదా అనేవారు. వీధిలోనూ ఆ అలవాటు పోలేదు.

మోకాలు దెబ్బతినగానే క్లబ్బు ఆయనను వదిలేసింది. ఆ వారమే ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడు. ఎందుకని నేను అడిగితే అన్నాడు:

"గల్లీల గట్ల ఎన్కకు సూసుకుంట నడుస్తడు. దొంగసూపులు!"

"మామా, మైదానంల గా సూపుకే ఈలలేసినవు గదా?" అని నిలదీశాను.

"ఆట వేరే, ఇల్లు వేరే బిడ్డా."

ఎట్లా వేరో చెప్పమన్నాను. అయినా నిర్ణయం మారలేదు.

బ్యాగు తగిలించుకుని, కుంటుతూ వెళ్తూ, ఆయన అలవాటుగా రెండు భుజాల మీదుగా వెనక్కి చూశారు. మైదానంలో ఈలలేసిన గల్లీవాళ్ల తలుపులన్నీ మూసే ఉన్నాయి.