వీపు లేని టీవీ

యల్లయ్య టీవీని చూడటం కంటే పట్టుకోవడమే ఎక్కువ. మార్కాపురం పలకల షెడ్డులో కోత మిషన్ దగ్గర నిలబడి నిలబడి అతని చెవులు ఎప్పుడో పోయాయి. ఆయాసం ముదిరి పని కూడా మానుకున్నాక, పగలంతా ఇంట్లో పాత డబ్బా టీవీ పక్కన స్టూలు వేసుకుని, దాని నెత్తిన అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. మిషన్ దగ్గరా అంతే. బ్లేడు తిన్నగా పోతోందో, పక్కకు లాగుతోందో రాతి మీద చెయ్యి పెట్టి చెప్పేవాడు. చెవులు పోయినా ఆ చెయ్యి మిగిలింది.

మాటలేమన్నా తెలుస్తాయా అని అతని భార్య నాగరత్నమ్మ ఒకసారి చెవిలో నోరు పెట్టి అడిగింది.

"మాటలు యాడ తెలుస్తాయే. ఇంట్లో ఎవురో ఉండారని తెలుస్తాది," అన్నాడు.

అది విన్నాక ఆమె టీవీ పెట్టకుండా ఎన్నడూ గడప దాటలేదు. ఆమెదీ ఆ షెడ్డులోనే పని. పలకలకు చెక్క బద్దలు బిగిస్తుంది.

రాష్ట్రం రెండుగా చీలిన మరుసటి ఎండాకాలం ఆ టీవీ ఆగిపోయింది. వెనక మూత విప్పిన మెకానిక్ లోపల పేరుకున్న పలకల దుమ్ము చూసి, దీని సామాన్లు ఇప్పుడు దొరకవని, సన్నటిది ఒకటి తెచ్చుకోమని చెప్పి మూత బిగించి పోయాడు. అప్పటినుంచి యల్లయ్య ఉత్తినే కూర్చుంటున్నాడు. ఆమె ఇంట్లో అడుగు పెట్టడం ఆలస్యం, షెడ్డుకు ఎవరొచ్చారు, ఏమన్నారు, కొత్త రాజధాని సంగతి ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. ఒక్కో మాటా చెవిలో అరిచి చెప్పాలి. పగలంతా చేసిన చాకిరీ ఒక ఎత్తు, ఆ అరుపు ఒక ఎత్తు. కొన్ని రోజులు ఆమె కూడా వినపడనట్టే గోడవైపు తిరిగి పడుకునేది. పడుకుందన్న మాటే గాని నిద్ర పట్టేది కాదు.

చివరికి చీటీ పాడింది. చిన్న టీవీకి సరిపోతుంది, అంతకు మించి రాదు. ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చిన పక్కింటి సంతోషమ్మను తోడు తీసుకుని బజారుకు పోయింది.

ఎక్కడ చూసినా సన్నటి టీవీలే. దుకాణాల వాళ్లు నీలం సముద్రం, రంగు చేపలు పెట్టి చూపించారు. నాగరత్నమ్మ చేపలను చూడలేదు. ప్రతి టీవీ వెనక్కి పోయి అరచెయ్యి ఆనించింది.

"ఏందొదినా, గొర్రెను బేరమాడినట్టు వీపు తడుముతాండావు?" అంది సంతోషమ్మ.

"గొర్రెకన్నా వీపుంటాది. వీటికి అదీ లేదు."

దుకాణం అబ్బాయి నవ్వి, బొమ్మ చూడు పెద్దమ్మా అన్నాడు. బొమ్మ తర్వాత, గొంతు పెంచమంది. పెంచాడు. అరచేతికి ఏమీ రాలేదు. ఇంకో దుకాణంలోనూ ఇదే తంతు. ఎండకు సంతోషమ్మ నోట్లో మాట కూడా ఎండిపోయింది.

మూడో దుకాణంలో, ఇనుప బల్ల మీద ఉన్న చిన్న టీవీని తాకగానే మోచేతిదాకా వణుకు ఎక్కింది. పాత డబ్బా కంటే ఎక్కువే. ఇదే కావాలంది నాగరత్నమ్మ. బేరం కూడా ఆడలేదు. పెట్టె విప్పాక వాపసు తీసుకునేది లేదని దుకాణదారు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆమె తలూపింది.

పొద్దు గూకే వేళకు దుకాణం మనిషి వచ్చి పాత బల్ల మీద కొత్త టీవీ నిలబెట్టి, కేబుల్ తగిలించి పోయాడు. యల్లయ్య స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. పైన చెయ్యి ఆనించే చోటు లేదు, జారింది. వెనకవైపు పెట్టాడు. వణుకు వస్తోందా అని ఆమె గడ్డం ఎగరేసి సైగతో అడిగింది. అతను అరచెయ్యి ఇంకాస్త అదిమాడు.

"వస్తాందిలే," అన్నాడు.

ఆమె పోయి ఎసరు పెట్టింది. అతను నీళ్లు తాగడానికి లేచినప్పుడు, ఎందుకో తానూ చెయ్యి పెట్టి చూసింది. చల్లటి రాయి. రిమోటు తీసుకుని గొంతు పెంచింది. గోడవతల నుంచి సంతోషమ్మ కేకేసేదాకా పెంచింది. రాయే. అప్పుడు గుర్తొచ్చింది, దుకాణంలో ఆ ఇనుప బల్ల కింద అరలో నల్లటి పెద్ద స్పీకరు పెట్టె పాట పాడుతూ ఉంది. వణికింది టీవీ కాదు, బల్ల.

యల్లయ్య వచ్చి చూసేసరికి ఆమె టీవీ ముందు చతికిలబడి ఉంది.

"వస్తాందని అబద్ధమెందుకు చెప్పినావయ్యా?" అని అరిచింది.

"తిరిగి తిరిగి వచ్చినావు గదా," అన్నాడు.

ఇక ఆమెకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద వార్తలు చదివే పిల్ల ఏమంటుందో చెవిలో చెప్పడం మొదలుపెట్టింది. వానలు పడతాయంట. మన కాడ గాదు, సముద్రం పక్కన.

"మన కాడ పడతాయని ఏ టీవీ చెప్పిందిలే," అన్నాడు యల్లయ్య.

ఆమె నవ్వబోయి ఆవలించింది. ఇంకేదో వార్త సగం చెబుతూ అతని భుజం మీదికి ఒరిగింది. ఆ మగతలోనే వార్తల పిల్ల గొంతు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని కన్ను తెరిచింది. బొమ్మ ఆడుతూనే ఉంది. రిమోటు అతని ఒళ్లో ఉంది. అతని రెండో చెయ్యి ఆమె వీపు మీద, రాతి మీద పెట్టినట్టు, వేళ్లు చాపి ఆనించి ఉంది.

పొయ్యి మీద ఎసరు మరుగుతున్న చప్పుడు వినిపించింది. లేవాలనుకుంది. లేవలేదు.